ఇళ్ళకు ఇచ్చిన అనుమతి, డాబా మీద పాఠాలు

పెద్ద అగ్నిప్రమాదం జరిగిన ప్రతిసారీ మన నగరాల్లో ఒకే ప్రశ్న లేస్తుంది: ఈ భవనానికి అనుమతి ఎవరిచ్చారు? రెండు మూడు వారాల పాటు తనిఖీలు, నోటీసులు, సీళ్ళు. ఆ తర్వాత అంతా సద్దుమణుగుతుంది. ఇంకో ఊళ్ళో పొగ లేచినప్పుడు అదే ప్రశ్న మళ్ళీ మొదటి పేజీకి వస్తుంది. ఒకానొక రోజున ఒక అధికారి సంతకం పెడితే భవనం సంగతి తేలిపోతుందన్న నమ్మకం ఆ ప్రశ్నలో దాగి ఉంది. సూరత్ నగరంలోని వరాఛా ప్రాంతపు అనుభవం చూస్తే ఆ నమ్మకం నిలవదు. అక్కడ ఒకే స్థలం గురించి పన్నెండేళ్ళలో మూడు సార్లు నిర్ణయం జరిగింది. ఆ మూడు సార్లలో ఒక్కసారి కూడా పక్కింటివాళ్ళనో, రేపు ఆ మెట్లెక్కబోయే వాళ్ళనో అడిగినవారు లేరు.

2019 మే 24. వరాఛా మెయిన్ రోడ్డు దాటి వెళ్తే వచ్చే సర్థానా జకాత్ నాకా దగ్గర, తక్షశిల ఆర్కేడ్‌లో కింద అంటుకున్న మంట పైకి పాకింది. డాబా మీద వేసిన డోము కింద కోచింగ్ తరగతి నడుస్తోంది. దిగడానికి ఉన్న మెట్ల దారి పొగతో, మంటతో మూసుకుపోయింది. 22 మంది చనిపోయారు. అందులో ఎక్కువమంది ఇంకా ఇరవై ఏళ్ళు నిండని పిల్లలు. కొందరికి ఊపిరాడలేదు, కొందరు కిటికీల్లోంచి దూకారు. వాళ్ళు దూకుతున్న దృశ్యాలను రోడ్డు మీద నిలబడ్డవాళ్ళ ఫోన్లలో దేశమంతా చూసింది.

విచారణలో బయటపడిన ఒక చిన్న వివరం దగ్గర ఆగాలి. డోము కింద గది ఎత్తు అయిదడుగుల మేరకే ఉండటంతో కుర్చీలు వేస్తే తలలు కప్పుకు తగులుతాయి. అందుకని పిల్లలను టైర్ల మీద కూర్చోబెట్టేవారు. కూర్చోవడానికి టైర్లు తెచ్చి వేసిన గదికి ఏ ప్లాన్‌లోనూ చోటుండదు. ఆ గదిని చూసిన ఏ ఇంజినీరుకైనా, ఏ తనిఖీ అధికారికైనా విషయం అర్థం కావడానికి కొలత టేపు అక్కర్లేదు. గడపలో నిలబడితే చాలు. చూడవలసినవారు చూడలేదు.

కాగితాల కథ ఇంకా పాతది. ప్రభుత్వం వేసిన విచారణలో తేలిన ప్రకారం, 2001లో ఆ స్థలానికి సూరత్ పట్టణాభివృద్ధి సంస్థ అనుమతి ఇచ్చింది నివాసాల కోసం. 2006లో ఆ ప్రాంతం నగరపాలక సంస్థ పరిధిలోకి వచ్చింది. 2007లో ఇళ్ళు ఉండవలసిన చోట వ్యాపార సముదాయం లేచింది. దానికి అనుమతి లేదు, ఆపినవారూ లేరు. 2011లో గుజరాత్ తెచ్చిన అక్రమ నిర్మాణాల క్రమబద్ధీకరణ చట్టం కింద, స్థానికులు ఇంపాక్ట్ ఫీ అని పిలిచే రుసుము కట్టించుకుని 2013లో దాన్ని సక్రమం చేశారు. పైనున్న డోము మాత్రం ఆ కాగితంలో కూడా లేదు. మొదటిసారి ఇచ్చిన అనుమతి, రెండోసారి మౌనం, మూడోసారి రసీదు: ఈ మూడూ నిర్ణయాలే. కేసు పెట్టినప్పుడు పోలీసులు బిల్డర్లతోపాటు నగరపాలక ఇంజినీర్లను, అగ్నిమాపక అధికారులను కూడా నిందితులుగా చేర్చారు.

జకాత్ నాకా అంటే ఊరిలోకి వచ్చే సరుకు మీద సుంకం వసూలు చేసే గేటు. మన ఆక్ట్రాయ్ నాకాయే. గుజరాత్ 2007లో నగరాల్లో ఆక్ట్రాయ్ ఎత్తేసినా పేరు మిగిలింది. ఆ పేరే ఒకప్పుడు నగరం ఎక్కడ ఆగేదో చెబుతుంది. 2006లో సూరత్ 112 చదరపు కిలోమీటర్ల నుంచి ఒక్కసారిగా 326కు పెరిగింది. 2020లో మరో విస్తరణతో 460 దాటింది. సౌరాష్ట్ర నుంచి వచ్చిన వజ్రాల పనివాళ్ళతో వరాఛా కిక్కిరిసింది. మినీ బజారులో రోడ్డు పక్కనే కాగితం పొట్లాల్లో వజ్రాలు చేతులు మారుతుంటాయి. సాన పట్టే పని పిల్లలకు వద్దనుకున్న తల్లిదండ్రులు వాళ్ళను చదువుల వైపు, కోచింగుల వైపు నడిపించారు. నగరం హద్దు ఒక సంస్థ చేతిలోంచి ఇంకో సంస్థ చేతికి మారుతున్న సంవత్సరాల్లోనే అక్కడ భవనాలు లేచాయి. అలాంటి చోట పాత ఫైలు ఎవరి దగ్గరుందో, కొత్త భవనాన్ని ఎవరు చూడాలో తేలేలోపే షట్టర్లు తెరుచుకుంటాయి. హైదరాబాదు చుట్టూ, విజయవాడ చుట్టూ గ్రామ పంచాయతీల నుంచి నగరాల్లోకి వచ్చిన కాలనీల్లో జరిగిందీ ఇదే.

సూరత్ తెలుగువాళ్ళకు పరాయి ఊరు కాదు. తెలంగాణ జిల్లాల నుంచి పవర్‌లూమ్ పనికి వెళ్ళిన పద్మశాలి కుటుంబాలు లింబాయత్, ఉధ్నా వైపు తరాలుగా ఉంటున్నాయి. అక్కడి నగరపాలక సంస్థ తెలుగు మాధ్యమంలో కూడా పాఠశాలలు నడుపుతోంది. అద్దె ఇళ్ళలో, ఇరుకు వీధుల్లో ఉండే కుటుంబాలకు భవన అనుమతి అన్నది యజమానికీ ఆఫీసుకూ మధ్య వ్యవహారంలా కనిపిస్తుంది. కానీ కింద మగ్గాలు ఆడుతుంటే పైగదిలో నిద్రపోయేదీ, ఆ సందులోంచి బడికి వెళ్ళేదీ వాళ్ళ పిల్లలే.

నిర్ణయం ఎవరిదన్న ప్రశ్నకు చట్టం ఇచ్చే జవాబు సూటిగానే ఉంటుంది. గుజరాత్‌లో 1976 నాటి పట్టణ ప్రణాళిక, పట్టణాభివృద్ధి చట్టం ప్రకారం ముందు నగరానికి అభివృద్ధి ప్రణాళిక, దాని కింద ప్రాంతాలవారీగా టీపీ స్కీములు వస్తాయి. పొలాలన్నీ కలిపి, రోడ్లకూ పార్కులకూ బడులకూ కొంత తీసి, మిగిలినదాన్ని సరైన ప్లాట్లుగా యజమానులకే తిరిగి ఇస్తారు. అమరావతి భూసమీకరణ చూసినవారికి ఈ ఆలోచన కొత్తది కాదు. అభివృద్ధి ప్రణాళిక ముసాయిదా మీద ప్రజలు అభ్యంతరాలు చెప్పుకోవడానికి రెండు నెలల గడువుంటుంది, టీపీ స్కీము మీదా గడువుంటుంది. ఆ దశ దాటాక ఒక్కొక్క భవనం దరఖాస్తు మీద బయటివారికి మాట లేదు. ప్లాన్ నియమాలకు సరిపోతే అధికారి రజా చిఠ్ఠీ ఇస్తాడు. కట్టడం అయ్యాక భవన వినియోగ అనుమతి ఇస్తాడు. సూరత్‌లో దాన్ని బీయూ అంటారు, మన దగ్గర ఓసీ అంటాం.

ఎన్నికైన కార్పొరేటర్లు ఈ దారిలో ఎక్కడా సంతకం పెట్టరు. అనుమతి అధికారం కమిషనర్‌ది, ఆయన తరఫున టౌన్ ప్లానింగ్ విభాగానిది. 1992 నాటి 74వ రాజ్యాంగ సవరణ పన్నెండో షెడ్యూల్లో మొదటి అంశంగా పట్టణ ప్రణాళికను, రెండో అంశంగా భూవినియోగం, భవన నిర్మాణాల నియంత్రణను పెట్టింది. మూడు లక్షలు, ఆపైన జనాభా ఉన్న నగరాల్లో వార్డు కమిటీలు ఉండాలంది. మూడు దశాబ్దాలు దాటినా పట్టణాభివృద్ధి సంస్థల పగ్గాలు రాష్ట్ర ప్రభుత్వాల దగ్గరే ఉన్నాయి. 2021 సూరత్ ఎన్నికల్లో 120 స్థానాలకు 27 ఆమ్ ఆద్మీ పార్టీ గెలిచింది. అవి ప్రధానంగా వరాఛా, దాని చుట్టుపక్కల వార్డులు. వార్డుల్లో పార్టీ మారింది గానీ భవన అనుమతుల్లో కార్పొరేటర్‌కు చట్టం ఇచ్చిన పాత్ర మారలేదు. పాత్ర లేదంటే పలుకుబడి లేదని కాదు. ఎక్కడా నమోదు కాని ఫోన్లలో, సిఫారసుల్లో ఆ పలుకుబడి నడుస్తుంది. అధికారం కాగితం మీద ఒకరిది, ఒత్తిడి కాగితానికి ఎక్కని ఇంకొకరిది అయినప్పుడు జవాబు చెప్పేవారు దొరకరు.

ఇంగ్లండులో ఈ పని ఇంకోలా జరుగుతుంది. 1947 చట్టంతో అక్కడ భూమిని అభివృద్ధి చేసే హక్కు ప్రభుత్వ అనుమతికి లోబడింది. దరఖాస్తు రాగానే స్థానిక కౌన్సిల్ పొరుగువాళ్ళకు ఉత్తరం రాస్తుంది, లేదా స్థలం దగ్గర నోటీసు అంటిస్తుంది. 21 రోజుల్లో ఎవరైనా అభిప్రాయం చెప్పవచ్చు. చిన్న దరఖాస్తుకు 8 వారాలు, పెద్దదానికి 13 వారాలు గడువు. పదింట తొమ్మిదికి పైగా అధికారులే తేలుస్తారు. వివాదం ఉన్నవి, పెద్దవి కౌన్సిలర్ల ప్లానింగ్ కమిటీ ముందుకు వెళ్తాయి. కమిటీ అందరి ఎదుట కూర్చుంటుంది. దరఖాస్తుదారుడూ మాట్లాడతాడు, అభ్యంతరం ఉన్న పొరుగువాడూ మాట్లాడతాడు. ఏ అభ్యంతరం లెక్కలోకి వస్తుంది, ఏది రాదు అన్న దానికి హద్దులున్నాయి. కొత్త భవనం వల్ల వెలుతురు తగ్గుతుందనో, రోడ్డు మీద రద్దీ పెరుగుతుందనో అంటే వింటారు. మా ఇంటి ధర పడిపోతుందంటే వినరు. కాదంటే కారణాలు రాసి ఇవ్వాలి, దాని మీద దరఖాస్తుదారుడు అప్పీలుకు వెళ్ళవచ్చు.

ఆ పద్ధతి మీద విమర్శలు తక్కువేం లేవు. ఉన్నవాళ్ళు కొత్తవాళ్ళను రానివ్వకుండా అడ్డుపడటానికి అది ఆయుధమైందని, ఇళ్ళ కొరతకు అదే కారణమని అక్కడి ప్రభుత్వాలే అంటున్నాయి. 2024లో వచ్చిన ప్రభుత్వం అయిదేళ్ళలో 15 లక్షల ఇళ్ళు లక్ష్యంగా పెట్టుకుని, కమిటీల దాకా వెళ్ళే దరఖాస్తులను తగ్గించే పనిలో పడింది. బహిరంగ విచారణ ఉన్నంత మాత్రాన ప్రాణాలు నిలబడతాయనీ చెప్పలేం. 2017 జూన్‌లో లండన్ గ్రెన్‌ఫెల్ టవర్ మంటల్లో 72 మంది పోయారు. కాకపోతే ఆ తర్వాత ఏం చేశారన్నది గమనించాలి. 18 మీటర్లు లేదా ఏడంతస్తులు, ఆపైన ఉండే నివాస భవనాలకు అగ్నిభద్రత సంగతి ప్లానింగ్ దరఖాస్తు దశలోనే తేల్చాలని 2021 ఆగస్టు నుంచి నియమం పెట్టారు. 2022 భవన భద్రతా చట్టంతో నిర్మాణానికి ముందు ఒక గేటు, జనం దిగేముందు ఇంకో గేటు వచ్చాయి. ఆ గేట్లు దాటకుండా పని మొదలు కాదు, జనం దిగరు.

జపాన్ దీనికి ఎదురు కొస. అక్కడ భూవినియోగ మండలాలను జాతీయ చట్టమే నిర్వచించింది. ఏ మండలంలో ఏం కట్టవచ్చో ముందే తెలుసు. నియమాలకు సరిపోతే ఎవరి దయా అక్కర్లేదు, ధ్రువీకరణ హక్కుగా వస్తుంది. 1998 సవరణతో ఆ ధ్రువీకరణ పనిని ప్రైవేటు సంస్థలకు కూడా తెరిచారు. వేగం పెరిగింది. 2005లో ఒక ఆర్కిటెక్టు భూకంప నిరోధక లెక్కలను తప్పుగా చూపించి హోటళ్ళకూ అపార్ట్‌మెంట్లకూ అనుమతులు తెప్పించాడని బయటపడింది. తనిఖీ సంస్థలు ఆ లెక్కలను పట్టుకోలేకపోయాయి. మరుసటి ఏడాదే చట్టం బిగించి, పెద్ద భవనాల లెక్కలను రెండోవారు సరిచూడాలన్నారు. ఆస్ట్రేలియాలో సిడ్నీ ఒపల్ టవర్ కట్టిన కొద్ది నెలలకే 2018 క్రిస్మస్ ముందురోజు పగుళ్ళిచ్చి జనాన్ని ఖాళీ చేయించాల్సి వచ్చాక, అక్కడి రాష్ట్రం ప్రత్యేకంగా భవన కమిషనర్‌ను పెట్టుకుంది. స్వీయ ధ్రువీకరణ మంచిదా చెడ్డదా అన్న వాదనలో మనవాళ్ళు ఈ రెండు అనుభవాలనూ దగ్గర పెట్టుకోవాలి.

ఇంగ్లండు, జపాన్ అనే రెండు కొసల మధ్య మన పద్ధతి ఎక్కడ నిలుస్తుంది? కాగితం మీద మనది జపాన్ దారి. ప్రణాళిక దశలో ప్రజల మాట వింటాం, ఆపైన భవనం నియమాలకు సరిపోతే అనుమతి. ఆ దారిలో నడవాలంటే ప్రణాళికకు కట్టుబడి ఉండాలి. మనం కట్టుబడం. ఇళ్ళ మండలంలో దుకాణాలు వస్తాయి, పార్కింగ్ సెల్లార్లో షోరూములు వస్తాయి, డాబా మీద తరగతులు వస్తాయి. కొన్నేళ్ళకు ప్రభుత్వం రుసుము తీసుకుని సరేనంటుంది. అంటే ఇంగ్లండు కౌన్సిళ్ళు వాడే విచక్షణాధికారమే మన దగ్గరా ఉంది. తేడా ఎక్కడంటే, వాళ్ళు దాన్ని ఇటుక పడకముందు, పొరుగువాళ్ళను పిలిచి, కారణాలు రాసి వాడతారు. మనం కట్టేశాక, కొలతల పట్టికను బట్టి, ఎవరినీ పిలవకుండా వాడతాం. వరాఛాలో 2013 నాటి రసీదుకు ముందు ఒక నోటీసు అంటించి ఉంటే, ఒక్క పొరుగువాడు వచ్చి అక్కడ రాకపోకలెలా ఉన్నాయో, మెట్లెన్ని ఉన్నాయో చెప్పే అవకాశమైనా ఉండేది.

క్రమబద్ధీకరణ ఒక్కసారికి పరిమితమైన మందు కాలేదు. గుజరాత్‌లో 2001, 2011, 2022లలో మూడు చట్టాలు వచ్చాయి. తెలుగు రాష్ట్రాల జాబితా ఇంకా పొడుగు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ 2007 చివర్లో భవనాల అపరాధ రుసుము పథకం, జనం నోట బీపీఎస్, తెచ్చింది. ఆంధ్రప్రదేశ్ 2015లో ఒకసారి, 2019లో ఒకసారి మళ్ళీ తెచ్చింది. తెలంగాణలో 2015లో భవనాలకూ లేఅవుట్లకూ కలిపి, 2020లో లేఅవుట్లకు. 2020 నాటి ఆ లేఅవుట్ల పథకానికి, జనం నోట ఎల్‌ఆర్‌ఎస్‌కు, 25 లక్షలకు పైగా దరఖాస్తులు వచ్చాయి. ప్రతి పథకమూ ఇదే చివరిదంటూ వస్తుంది. మూడోసారి విన్నాక కట్టేవాడికి అర్థమయ్యేది వేరు: ఇప్పుడు అనుమతికి తిరిగేకన్నా అయిదేళ్ళాగి రుసుము కట్టడం నయం. నియమం ప్రకారం సెట్‌బ్యాక్ వదిలి చిన్న ఇల్లు కట్టుకున్నవాడు ఆ మాట విని ఏమనుకోవాలో ఏ జీవోలోనూ లేదు.

ఇంగ్లండులో కూడా ఒక గడువు దాటాక అక్రమ నిర్మాణాన్ని కదిలించలేని నియమం ఉంది. భవనాలకు నాలుగేళ్ళుగా ఉన్న ఆ గడువును 2024 ఏప్రిల్ 25 నుంచి పదేళ్ళకు పెంచారు. తప్పించుకునే కిటికీని వాళ్ళు ఇరుకు చేశారు. మన పథకాలు ప్రతిసారీ కటాఫ్ తేదీని ముందుకు జరిపి వెడల్పు చేస్తున్నాయి.

ఆ వెడల్పు ఎంత ప్రమాదమో రాజ్‌కోట్ చూపించింది. 2024 మే 25న అక్కడి టీఆర్‌పీ గేమ్ జోన్ కాలిపోయి 27 మంది చనిపోయారు. సర్థానా దుర్ఘటనకు సరిగ్గా అయిదేళ్ళ మీద ఒక్క రోజు. అగ్నిమాపక ఎన్‌వోసీ లేదు. అంతకు ముందు ఏడాదే నగరపాలక సంస్థ నోటీసు ఇచ్చింది, నిర్వాహకులు ఇంపాక్ట్ ఫీ కింద క్రమబద్ధీకరణకు దరఖాస్తు పెట్టుకున్నారు. దరఖాస్తు పెండింగులో ఉంటే తాళం వేయడానికి చేతులు రావు. ఆ నడిమి కాలంలోనే టికెట్లు అమ్ముడయ్యాయి. గుజరాత్ హైకోర్టు దీన్ని తనంతట తాను విచారణకు తీసుకుని, మనుషులు చేసిన విపత్తు అంది.

హైదరాబాదుకూ ఈ వరసలో చోటుంది. 2022 సెప్టెంబరులో సికింద్రాబాదు రూబీ హోటల్ కింద ఎలక్ట్రిక్ బైకుల షోరూములో మంటలు లేచి పైనున్న ఎనిమిది మంది పోయారు. 2023 మార్చిలో స్వప్నలోక్ కాంప్లెక్సులో ఆరుగురు, చదువు ముగించి ఉద్యోగానికి వచ్చిన యువతీ యువకులు. అదే ఏడాది నవంబరులో నాంపల్లి బజార్‌ఘాట్‌లో అపార్ట్‌మెంటు కింద నిల్వ ఉంచిన రసాయనాలు అంటుకుని కనీసం తొమ్మిది మంది. రూబీలోనూ బజార్‌ఘాట్‌లోనూ భవనం ఒక పనికి, అందులో జరిగింది ఇంకో పనికి.

సెల్లారు, డాబా. మన నగరాల్లో మృత్యువు తరచూ ఈ రెండు అంతస్తుల నుంచే వస్తోందంటే దానికి ఆర్థిక కారణం ఉంది. ప్లాన్‌లో లేని చోటుకు అద్దె తక్కువ. గుజరాత్‌లో అనుమతించిన దానికి మించి అంతస్తుల వైశాల్యం కావాలంటే జంత్రీ, అంటే ప్రభుత్వ భూవిలువ, ఆధారంగా డబ్బు కట్టి కొనుక్కోవాలి. డాబా మీద డోము వేస్తే ఆ ఖర్చు లేదు. తెలుగు రాష్ట్రాల్లో 2006 నుంచి అంతస్తుల వైశాల్యానికి పరిమితి లేకుండా, రోడ్డు వెడల్పును బట్టి ఎత్తు, సెట్‌బ్యాక్ నిర్ణయించే పద్ధతి వచ్చింది. అందుకే ఇక్కడ ఆశ డాబా కన్నా సెల్లార్ మీద, సెట్‌బ్యాక్ మీద పడుతుంది. నెలకు కొద్ది వందలో వేలో ఫీజు తీసుకునే చిన్న కోచింగ్ సెంటరు సక్రమమైన వాణిజ్య అంతస్తు అద్దె భరించలేదు. 2019 తర్వాత గుజరాత్ కోచింగ్ సెంటర్లన్నిటినీ మూయించి ఎన్‌వోసీ తెచ్చుకోమంది. అది తప్పనిసరి చర్యే. అయితే టీపీ స్కీములో బడికి చోటు వదులుతారు, పార్కుకు వదులుతారు, బడి తర్వాత పిల్లలు మూడు గంటలు గడిపే ట్యూషన్‌కు ఎక్కడ చోటన్నది ఏ పటంలోనూ లేదు. నగరపాలక బడుల గదులు సాయంత్రాలు ఖాళీగానే ఉంటాయి. వాటిని అద్దెకు ఇవ్వడం గురించి ఆలోచించకుండా డాబాలు మాత్రం ఖాళీ చేయిస్తే ఆ తరగతులు ఇంకో డాబా వెతుక్కుంటాయి.

వాదనలు మూడు వైపుల నుంచి వస్తున్నాయి. బిల్డర్ల సంఘాలు ఆలస్యమే అవినీతికి తల్లి అంటాయి. ఫైలు ఎన్ని బల్లలు తిరిగితే అంత ఖర్చని వాళ్ళ అనుభవం, అది అబద్ధం కాదు. తెలంగాణ 2020లో చట్టం చేసి తెచ్చిన టీఎస్ బీపాస్ ఈ వాదనకు జవాబు. 75 గజాల లోపు స్థలంలో ఇంటికి అనుమతే అక్కర్లేదు, రూపాయితో నమోదు చాలు. 600 గజాలు, పది మీటర్ల ఎత్తు దాకా సొంత ధ్రువీకరణతో అనుమతి. ఆపైన 21 రోజుల్లో ఒకే గవాక్షం నుంచి. తప్పుగా ప్రకటిస్తే నోటీసు లేకుండానే కూల్చవచ్చు. చిన్న ఇంటివాడిని ఆఫీసుల చుట్టూ తిప్పకపోవడం మేలైన పనే. ఈ వ్యవస్థ మాట నిలబడేది మాత్రం అనుమతి తర్వాత జరిగే తనిఖీ మీద.

రెండో వాదన పేదల తరఫున. నలభై, యాభై గజాల్లో ఇల్లు కట్టుకునేవాడు సెట్‌బ్యాకులన్నీ వదిలితే వంటగది మిగలదు. నియమమే అందుబాటులో లేనప్పుడు ఉల్లంఘనను నేరంగా చూడకూడదంటారు. ఇది న్యాయమైన మాట, దీన్ని తోసెయ్యడానికి లేదు. కానీ క్రమబద్ధీకరణ పథకాలు ఆ యాభై గజాల ఇంటినీ, నాలుగంతస్తుల షాపింగ్ కాంప్లెక్సునూ ఒకే దరఖాస్తు ఫారంలో పెడుతున్నాయి. పేదవాడి పేరు చెప్పి కాంప్లెక్సు గట్టెక్కుతోంది. మూడో వాదన కార్పొరేటర్లది: మాకూ ఓటు ఇవ్వండి. ఇంగ్లండు కమిటీల్లాగా అందరి ఎదుట, కారణాలు రాసి, మినిట్స్ ప్రచురించి ఓటు వేస్తామంటే పెద్ద భవనాలకు ఆ దారి మంచిదే. ఆ షరతులు లేకుండా ఇస్తే ఇప్పుడున్న రహస్య పలుకుబడికి చట్టబద్ధత ఇచ్చినట్లవుతుంది.

పొరుగువాడికి అసలు మాట్లాడే హక్కుందా అన్నదాన్ని సుప్రీంకోర్టు ఎప్పుడో తేల్చింది. కర్ణాటకలోని ఉడిపిలో నివాస ప్రాంతంగా స్కీము చేసిన చోట, కల్యాణ మంటపాన్ని సినిమా హాలుగా మార్చుకోవడానికి మునిసిపాలిటీ అనుమతి ఇచ్చింది. అక్కడి నివాసి ఒకరు కోర్టుకు వెళ్ళారు. 1974లో వచ్చిన రామదాస్ షెణై తీర్పులో, స్కీముకు విరుద్ధంగా అనుమతి ఇచ్చే అధికారం మునిసిపాలిటీకి లేదని, స్కీము ఆ ప్రాంతవాసుల మేలు కోసం ఉన్నది కాబట్టి దాన్ని అమలు చేయించుకునే హక్కు వాళ్ళకుందని కోర్టు చెప్పింది. యాభై ఏళ్ళ నాటి ఆ సూత్రం మీద నిలబడితే, భూవినియోగం మార్చే క్రమబద్ధీకరణ ప్రతిదానికీ ముందు పొరుగువాళ్ళకు నోటీసు ఉండి తీరాలి.

అందువల్ల చేయవలసిన మార్పుల్లో మొదటిది, కొలతల ఉల్లంఘనను వినియోగపు ఉల్లంఘన నుంచి విడదీయడం. గోడ రెండడుగులు ముందుకు వచ్చిందంటే రుసుముతో పోనివ్వవచ్చు. ఇల్లు కోచింగ్ సెంటరైందంటే, పార్కింగు గోదామైందంటే అది కొత్త దరఖాస్తు. అందులో మెట్లెన్ని, వెడల్పెంత, ఫైరింజను నిలిచే జాగా ఉందా అన్నవి స్థలానికి వెళ్ళి, తేదీతో ఫొటోలు తీసి నమోదు చేయాలి. 21 రోజులు నోటీసు అంటించాలి. జనం గుమిగూడే ఏ వినియోగానికైనా మెట్ల దారి విషయంలో ఏ రుసుముతోనూ మినహాయింపు కుదరదని చట్టంలోనే రాయాలి. దరఖాస్తు పెండింగులో ఉన్నంతకాలం ఆ వినియోగం ఆగాలి. రాజ్‌కోట్‌లో ఈ ఒక్క నియమం ఉంటే గేటు మూసి ఉండేది.

గుజరాత్ తెలుగు రాష్ట్రాల నుంచి తీసుకోదగినది కూడా ఒకటుంది. ఉమ్మడి రాష్ట్రపు 2012 భవన నియమాలు, జీవో 168, ప్రకారం బిల్డరు అనుమతి తీసుకునేటప్పుడు కట్టబోయే వైశాల్యంలో పది శాతాన్ని స్థానిక సంస్థకు తనఖా పెట్టాలి. ప్లాన్ ప్రకారం కట్టి ఓసీ తెచ్చుకున్నాకే అది విడుదలవుతుంది. ఓసీ లేకుండానే జనం దిగే అలవాటు ఇక్కడ పూర్తిగా పోలేదు. అయినా కూల్చివేత బెదిరింపు కన్నా ఈ తనఖా బిల్డరు ఆలోచనను ముందే మారుస్తుంది. భవనం పూర్తయ్యాక వినియోగం మారితే ఈ తనఖా పనికిరాదు. ఆ దశకు విద్యుత్ కనెక్షనే పగ్గం. ఇంటి కేటగిరీ నుంచి వాణిజ్య కేటగిరీకి మీటరు మార్చమని వచ్చే ప్రతి దరఖాస్తూ టౌన్ ప్లానింగ్ విభాగానికి కూడా చేరేలా చేస్తే, తనిఖీ ఎక్కడ చేయాలో ఆ జాబితాయే చెబుతుంది.

2024 డిసెంబరు 17న సుప్రీంకోర్టు ఉత్తరప్రదేశ్ కేసు ఒకటి తేలుస్తూ దేశమంతటికీ వర్తించే ఆదేశాలిచ్చింది. నిర్మాణం సాగినంతకాలం మంజూరైన ప్లాన్‌ను స్థలం దగ్గర ప్రదర్శించాలి. అధికారులు మధ్యమధ్య తనిఖీ చేసి రికార్డు పెట్టాలి. ఓసీ వచ్చాకే విద్యుత్తు, నీరు, బ్యాంకు రుణం. తప్పు చేసిన అధికారి మీద శాఖాపరమైన చర్య. మంచి ఆదేశాలే. కానీ ఆ బోర్డు నిర్మాణం అయిపోగానే దిగిపోతుంది, తక్షశిల ఆర్కేడ్‌లో ప్రమాదం మొదలైంది ఆ తర్వాతి ఏళ్ళలో.

ఆ బోర్డు భవనం ఉన్నంతకాలం ఉండాలి. మెట్ల మొదట్లో, లిఫ్టు పక్కన, స్థానిక భాషలో: ఎన్ని అంతస్తులకు అనుమతి, ఒక్కో అంతస్తు దేనికి, బయటికి దారులెన్ని, ఫైర్ ఎన్‌వోసీ ఏ తేదీ దాకా. సూరత్‌లో అయితే గుజరాతీతోపాటు హిందీలో, ఒడియాలో, తెలుగులో కూడా. ఇందుకు శాసనసభలో కొత్త చట్టం అక్కర్లేదు. గుజరాత్‌లో 2017 నాటి ఉమ్మడి అభివృద్ధి నియంత్రణ నియమాలకు సవరణ నోటిఫికేషన్, మన రాష్ట్రాల్లో భవన నియమాలకు ఒక జీవో సరిపోతాయి. సర్థానాలో అలాంటి బోర్డు ఉండి ఉంటే, పిల్లను తరగతి దగ్గర దింపడానికి స్కూటర్ ఆపిన తండ్రి పైకి చూసి అంతస్తులు లెక్కపెట్టుకుని, కిందున్న బోర్డులో పై అంతస్తు లేదని ఆ రోజే చదివి ఉండేవాడు.